పాత ఏటీవీ కొన్నావంట

చిరంజీవికి పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పాత ఏటీవీ, అదే ఆ నాలుగు చక్రాల మట్టిదారి బండి, ఒకటి కొన్నావనీ, గండికోటలో టూరిస్టులను తిప్పుతావనీ మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు. నాకూ సంతోషమే కానీ ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. పెన్నా లోయ అంచు నాకు తెలియనిదా? నాలుగు చక్రాలున్న బండి పడదు కదా అంటోంది మీ పెద్దమ్మ. పడుతుంది, బోల్తా కూడా కొడుతుంది. ఆమెకు ఆ మాట చెప్పలేదు.

బండి ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఉంచినప్పుడు, ఆగిపోతుంటే ఆ వేగం పెంచే ఐడిల్ స్క్రూ బిగించావంట. ఇప్పుడు గేరు వేస్తే దానంతటదే కదులుతోందంట. క్లచ్ ప్లేట్లు మార్చమని ఎవరో చెప్పారంట. ప్లేట్ల మీద ఒక్క రూపాయి పెట్టొద్దు.

నీది చేతి క్లచ్ లేకుండా కాలితో గేర్లు వేసే రకం. అందులో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి సెంట్రిఫ్యూగల్ క్లచ్. ఇంజన్ వేగం పెరిగితే దాని బరువులు విచ్చుకొని డ్రమ్మును పట్టుకుంటాయి, తగ్గితే స్ప్రింగులు వెనక్కి లాగేస్తాయి. రెండోది ప్లేట్లది, గేరు పెడల్ తొక్కినప్పుడు విడిపోతుంది. ఐడిల్ ఎక్కువగా పెడితే మొదటిది ఎప్పుడూ సగం పట్టుకునే ఉంటుంది. బండి పాకుతుంది, గేరు టక్కుమని పడుతుంది, న్యూట్రల్ ఓ పట్టాన దొరకదు. చూసినవాడు క్లచ్ పోయిందంటాడు.

ఇదే మాట మీ నాయన కూడా అన్నాడు ఒకప్పుడు. నీకు చెప్పి ఉండడు, నేను చెప్పానని అనొద్దు.

మీ నాయన కూడా మన ప్రొద్దుటూరు షాపులో పనిచేసే రోజుల్లో ఒక పాలాయన టీవీఎస్ ఫిఫ్టీ తెచ్చాడు. దాంట్లోనూ ఈ సెంట్రిఫ్యూగల్ క్లచ్చే. ఎక్కడ నిలిపినా ఇంజన్ ఆగిపోతోంది. మీ నాయనకు అప్పటికి మీసాలు సరిగ్గా రాలేదు, తొందర మాత్రం దండిగా ఉండేది. కార్బొరేటర్ విప్పకుండా ఐడిల్ స్క్రూ బిగించి పంపాడు. ఆగడం మానేసిన బండి పాకడం మొదలుపెట్టింది. రెండోసారి తెస్తే క్లచ్ పట్టేస్తోందని దాని షూలు, అంటే డ్రమ్మును పట్టుకునే ఆ బరువులు, మార్చి, డబ్బులు తీసుకున్నాడు. స్క్రూ సంగతి గుర్తే లేదు. మర్నాడు పొద్దున పాలాయన ఇంజన్ ఆపకుండా బండిని స్టాండు మీంచి తోశాడు. అప్పటికే తిరుగుతున్న వెనక చక్రం నేలకు తాకగానే బండి ముందుకు దూకింది. భయంతో ఆయన హ్యాండిల్‌ను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు, దాంతో యాక్సిలరేటర్ ఇంకా తిరిగింది. పాలు కాలవ పాలు, ఆయన మణికట్టు విరిగింది. తర్వాత నేను కార్బొరేటర్ విప్పి చూస్తే ఐడిల్‌లో ఇంజన్‌కు పెట్రోలు అందించే సన్న గొట్టం, స్లో జెట్ అంటారు, దాని రంధ్రంలో నిలవ పెట్రోలు ఆకుపచ్చగా గడ్డకట్టి ఉంది. మొత్తం జబ్బు అదే. ఆ చెయ్యి బాగయ్యేదాకా మీ నాయనే తెల్లవారుజామున లేచి ఇంటింటికీ పాలు పోసొచ్చాడు. పొమ్మని ఎవరూ అనలేదురా. అందుకే వాడంటే నాకు ప్రాణం.

నీ బండికి యాక్సిలరేటర్ బొటనవేలి కింద ఉంటుంది. కొత్తగా ఎక్కినోళ్లు భయపడితే వేలు తీయరు, ఇంకా నొక్కుతారు. అర్థమైందా నా టెన్షన్?

ముందు ఆ స్క్రూ వెనక్కి తిప్పు. ఆగిపోతే ఆగనీ. స్లో జెట్ విప్పి ఎండకెత్తి చూడు, గుండ్రంగా వెలుగు కనిపించాలి. సూది, తీగ పెట్టి పొడవకు, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్ కొట్టి గాలి పట్టు. ఐడిల్‌లో గాలి పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ విప్పేముందు లోపలికి నెమ్మదిగా ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి రాసుకో. కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే రబ్బరు మన ఎండలకు పగులుతుంది. ఇంజన్ నడుస్తుండగా దాని మీద సబ్బునీళ్లు చల్లి, శబ్దం మారితే గాలి లాగుతున్నట్టే. పెట్రోలు చల్లి చూపించే మొనగాళ్లుంటారు, వాళ్లను బండి దగ్గరికి రానీయొద్దు. ఎయిర్ ఫిల్టర్ రోజూ దులుపు. చోక్ పూర్తిగా ఆఫ్ అవుతోందో లేదో చూడు.

ఐడిల్ కుదిరాక, ఇంజన్ బాగా వేడెక్కాక కూడా పాకుతుంటే అప్పుడు క్లచ్ వైపు పో. పాకడం కాకుండా ఎక్కుడులో ఇంజన్ అరిచి బండి లాగకపోతే అది జారడం, వేరే జబ్బు. ముందు ఆయిల్ ఏం పోశారో అడుగు. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండాలి, ఆయిల్‌లో మునిగి ఉండే బైకు క్లచ్‌లకు పనికొచ్చే ఆయిల్ అని దాని గుర్తు. రాపిడి తగ్గించే మందు కలిపిన కార్ల ఆయిల్ పోస్తే ప్లేట్లు జారతాయి. తర్వాత సైడ్ కవర్ మీదున్న క్లచ్ అడ్జస్టర్, చివరికి ప్లేట్లు.

ఎవరినైనా ఎక్కించే ముందు వెనక చక్రాలు గాల్లో ఉండేలా ఎత్తి, ఐడిల్‌లో గేరు వేయి. కొంచెం తిరిగినా బ్రేకు తాకగానే ఆగాలి. యాక్సిలరేటర్ నొక్కి వదిలితే టప్పున వెనక్కి రావాలి, కేబుల్‌లో దుమ్ముంటే రాదు. తాడు లాగితే ఇంజన్ ఆగే స్విచ్ పెట్టించు, అది లేకుండా చిన్నపిల్లలను ఎక్కించావని తెలిస్తే గండికోటకొచ్చి మరీ తంతాను. హెల్మెట్ సంగతి వేరే చెప్పాలా?

ఆదివారం షాపు ఖాళీగానే ఉంటుంది. కార్బొరేటర్ విప్పి, పెట్రోలు పూర్తిగా ఒంపేసి, బట్టలో చుట్టి పట్టుకురా. స్లో జెట్ మీద నెంబరు చూసి ముందే ఫోన్ చెయ్, నా డబ్బాలో ఉందేమో వెతికి పెడతాను.

ఇట్లు,
మీ పెద్దనాయన