టెక్ సందేహాలు: ‘పవర్ సేవర్’ పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందా?

ఎండలు ముదిరేసరికి ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు వెనక్కిపోయి కరెంటు బిల్లుల ప్రశ్నలు ముందుకొచ్చాయి. ఈసారి జవాబులన్నీ వాటికే, నీళ్ల సంగతి కూడా కలిపి.

ప్లగ్గులో పెట్టుకునే పవర్ సేవర్ ఒకటి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. పెడితే బిల్లు 40 శాతం తగ్గుతుందట. మాకు ఏప్రిల్‌లో 325 యూనిట్లు కాలింది. కొనమంటారా? – ఒక గృహిణి, వేదాయపాలెం, నెల్లూరు

కొనొద్దండి. ఆర్డరు పెట్టేసి ఉంటే ఇప్పుడే రద్దు చేసేయండి.

ఆ డబ్బా విప్పితే లోపల ఉండేది ఒక చిన్న కెపాసిటర్, వెలగడానికి ఒక ఎల్‌ఈడీ, అంతే. కెపాసిటర్‌తో పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా) మెరుగుపడే మాట నిజమే, పెద్ద మోటార్లు నడిచే ఫ్యాక్టరీల్లో దానికి విలువ ఉంది, ఎందుకంటే వాళ్ల బిల్లు లెక్క వేరు. మన ఇంటి బిల్లు మాత్రం నిజంగా ఖర్చయిన యూనిట్ల మీదే వస్తుంది, వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. పవర్ ఫ్యాక్టర్ మారినా మీ ఫ్యాను, మీ ఏసీ తినే యూనిట్లు తగ్గవు. నెల జీతం మీద బతికే ఇళ్లలో ఇలాంటి వాటికి డబ్బులు పోస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

దానికి బదులు, పైసా ఖర్చు లేని పరికరం మీ వరండాలోనే ఉంది. మీ మీటరు మీద ఎర్రగా మినుకుమనే లైటు చూడండి. దాని పక్కన యూనిట్‌కు ఎన్నిసార్లు మినుకుతుందో (పల్స్‌లు) ముద్రించి ఉంటుంది, 1600 అనో 3200 అనో. 3200 ఉంటే, నిమిషంలో ఆ లైటు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి 19తో గుణించండి, ఆ క్షణాన ఇల్లు మొత్తం ఎన్ని వాట్లు లాగుతోందో సుమారుగా వచ్చేస్తుంది. 1600 అయితే 38తో. 3200 మీటరులో, పాత సీలింగ్ ఫ్యాను ఒక్కటే తిరుగుతుంటే నిమిషానికి నాలుగుసార్లు, ఏసీ కంప్రెసర్ 1500 వాట్లు లాగుతుంటే 80 సార్లు. పిల్లలకు సెలవులే కదా, ఒకరిని మీటరు దగ్గర నిలబెట్టి ఇంకొకరిని స్విచ్‌లు వేయమనండి, గంటలో ఇల్లంతా తేలిపోతుంది.

ముందు మెయిన్ జోలికి పోకుండా ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపి చూడండి. ఇన్వర్టర్, ఫ్రిజ్ ప్లగ్గులు కూడా తీసేశాక ఇంకా లైటు మినుకుతుంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టో, పక్క పోర్షన్ వైరు మీ మీటరుకు కలిసినట్టో. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. తర్వాత ఒక్కొక్కటీ వేసుకుంటూ వెళ్లండి. రిమోట్‌తో ఆపిన సెట్‌టాప్ బాక్స్ ఆగినట్టు కాదు, చాలా రకాలు పది వాట్ల దాకా లాగుతూనే ఉంటాయి, అంటే నెలకు ఏడు యూనిట్లు ఊరికే పోతాయి. ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి నిమిషం లెక్క దానికి కుదరదు. రోజంతా పెట్టి చూడాలంటే యూనిట్లు చూపించే స్మార్ట్ ప్లగ్ పనికొస్తుంది. ఏసీకి, గీజరుకు మాత్రం 16 ఆంపియర్లదే తీసుకోండి, చిన్నది పెడితే కాలిపోతుంది.

ఇంత పట్టుబట్టి లెక్క ఎందుకంటే మన శ్లాబుల వల్ల. 2022లో మారిన రేట్లలో మొదటి 30 యూనిట్లకు 1.90, అక్కణ్నుంచి 75 దాకా 3 రూపాయలు. 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75. మీ మొదటి 75 యూనిట్లకు 192 రూపాయలైతే, చివరి వందకే 875 అయింది, మిగతా చార్జీలు వేరే. మీరు తగ్గించే ప్రతి యూనిటూ ఆ చివరి వందలోంచే తగ్గుతుంది. ఏసీని 20 నుంచి 25కి మార్చి, పైన ఫ్యాను చిన్నగా వేసుకోండి. ఒక్కో డిగ్రీకి దాదాపు ఆరు శాతం ఆదా అవుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. ఆ వంద యూనిట్లలో కొంత భాగం అక్కడే దొరుకుతుంది.

తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టుకుంటే గిట్టుబాటు అవుతుందా? – ఒంగోలు నుంచి ఒక ఉద్యోగి

రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను అయితే తప్పకుండా. పాతది 75 వాట్లు, ఇది 30 వాట్ల చుట్టూ, నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మీ శ్లాబును బట్టి 120 నుంచి 175 రూపాయలు. మూడు వేల ఫ్యాను రెండేళ్లు అటూ ఇటూగా డబ్బు తెచ్చేస్తుంది, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ కూడా ఎక్కువసేపు వస్తుంది. చుట్టాలొస్తేనే వేసే గదిలో ఫ్యాను మార్చకండి, దండగ. బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటర్ తీయించేయండి, దానితో కలిపి నడిపితే లోపలి సర్క్యూట్ పాడవుతుంది.

మా ఆర్‌ఓ మెషీన్ బకెట్లకు బకెట్లు నీళ్లు వదిలేస్తోంది. టీడీఎస్ పెన్నుతో చూస్తే బోరు నీళ్లు 450 వచ్చాయి. ఆర్‌ఓ తీసేసి యూవీ పెట్టుకోవచ్చా? – పొదిలి

మామూలుగా అయితే పెట్టుకోవచ్చనే వాణ్ని. మీ వైపు అయితే ఆగమంటాను, ఎందుకంటే కనిగిరి, పొదిలి చుట్టుపక్కల బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. టీడీఎస్ పెన్ను నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి, లీటరుకు మిల్లీగ్రాముల్లో ఒక్క అంకె చూపిస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో అది చెప్పలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు, ఆ ఒకటిన్నర 450లో ఎక్కడ కనిపిస్తుంది? యూవీ క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్‌ను తీయదు. కాచినా పోదు. ముందు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ తేలితే ఆర్‌ఓ ఉంచాల్సిందే. ఇంకో మాట, నీళ్లు చప్పగా ఉన్నాయని మెకానిక్‌తో టీడీఎస్ అడ్జస్టర్ తిప్పించకండి. చాలా మెషీన్లలో అది పచ్చి నీళ్లను ఆర్‌ఓ దాటకుండా కలిపేస్తుంది, దాంతోపాటే ఫ్లోరైడ్ కూడా గ్లాసులోకి వస్తుంది. పసిపిల్లలున్న ఇళ్లలో దీన్ని అసలు తేలిగ్గా తీసుకోవద్దు.

వృథా నీళ్ల సంగతికొస్తే, లీటరు మంచినీళ్లకు మూడు లీటర్ల దాకా పోవడం చాలా మెషీన్లలో మామూలే. రెండు పైపుల కిందా ఒకేసారి సీసాలు పెట్టి కొలవండి. నాలుగైదు లీటర్లు పోతుంటే ఫిల్టర్లు గానీ, లోపలి ఆర్‌ఓ పొర (మెంబ్రేన్) గానీ పూడుకుపోయినట్టు, సర్వీసు చేయించండి. పోయే నీళ్లను డ్రమ్ములో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్‌కు వాడుకోండి. కుండీల మొక్కలకు రోజూ పోస్తే ఉప్పు పేరుకుని ఆకుల అంచులు మాడతాయి, వంటకు అసలు వద్దు.

ట్యాంకు నిండితే మోటరు దానంతటదే ఆగేలా ఏది పెట్టించాలి? – కోవూరు

ఒక హెచ్‌పీ మోటరు గంటకు దాదాపు యూనిట్ కాలుస్తుంది, పొంగిపోయే నీళ్లు దాని పైన. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కడ్డీల సెన్సర్ల జోలికి పోవద్దు, వాటి మీద తెల్లగా ఉప్పు పొర కట్టి కొన్నాళ్లకు తప్పు చెప్తాయి. తేలే ఫ్లోట్ స్విచ్ చవక, గట్టిది. మోటరు కరెంటును మాత్రం నేరుగా ఫ్లోట్ గుండా పంపకుండా స్టార్టర్‌కు కలపమనండి. వేసవిలో బోరు అడుగంటితే మోటరు ఉత్తినే తిరిగి కాలిపోతుంది కాబట్టి డ్రై రన్ రక్షణ ఉన్న కంట్రోలర్ అడిగి తీసుకోండి, బిగించాక బోరు వాల్వు కట్టేసి మోటరు నిజంగా ఆగుతుందో లేదో ఎలక్ట్రీషియన్ ఉండగానే చూసుకోండి.