వెలుగు సంగతి తర్వాత, ముందు ఈసీజీ తీయించండి

ప్రశ్న: నా వయసు 47. రెండు నెలల క్రితం మెట్లెక్కుతూ స్పృహ తప్పి పడిపోయాను. నిమిషంలోపే తేరుకున్నానట. ఆ కాసేపట్లోనే పైనుంచి నన్ను నేను చూసుకున్నట్టు, దూరంగా తెల్లటి వెలుగులో చనిపోయిన అమ్మ పిలుస్తున్నట్టు అనిపించింది. బీపీ మాత్రల వల్లేమోనని అప్పటి నుంచి సగమే వేసుకుంటున్నాను. మా అన్నయ్య 39 ఏళ్లకే నిద్రలో పోయాడు. నేను చావు అంచుల దాకా వెళ్లొచ్చానా? సైన్స్ ఏమంటుంది?

జవాబు: అన్నయ్య సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు కంగారుగా ఉన్నది దాని గురించే. చాలాసేపు నిలబడితేనో, రక్తం చూస్తేనో కళ్లు తిరగడం వేరు, శ్రమపడుతుండగా పడిపోవడం వేరు. గుండె లయ తప్పినా, గుండె కండరం మందమైనా, కవాటం ఇరుకైనా ఇలా జరగొచ్చు. తోబుట్టువుల్లో చిన్న వయసులో హఠాన్మరణం ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. మీకు అదే ఉందని పరీక్షించకుండా నేను చెప్పలేను. కానీ రెండు నెలలు ఊరుకోవడం ఏం బాగాలేదండీ.

ఇక మీ అనుభవం. దాన్ని భ్రమ అని కొట్టిపారేయను. మెదడుకు రక్తం తగ్గినప్పుడు చూపు అంచుల నుంచి మూసుకుపోయి మధ్యలో వెలుగు మిగలొచ్చు. 2002లో స్విట్జర్లాండ్‌లో ఒక మూర్ఛ (ఫిట్స్) రోగి మెదడు కుడివైపు ఒకచోట స్వల్పంగా కరెంటు ఇస్తే, తనను తాను పైనుంచి చూసుకుంటున్నట్టు ఆమె చెప్పింది. 1994లో జర్మనీ వైద్యులు ఆరోగ్యవంతులను కొద్ది సెకన్లు స్పృహ తప్పేలా చేసినా, వాళ్లలో కొందరు ఇలాంటి అనుభవాలే చెప్పారు. వాళ్లెవరూ చావుకు దగ్గరగా వెళ్లలేదు. మరోవైపు, 2001లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో గుండె ఆగి బతికిన 344 మందిలో 62 మందికే, అంటే 18 శాతానికే ఈ అనుభవం కలిగింది. ఆక్సిజన్ తగ్గడమే కారణమైతే అందరికీ రావాలి కదా అన్న ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు లేదు.

కాబట్టి వెలుగు కనిపించిందా లేదా అన్నదాన్ని బట్టి ప్రమాదం ఎంతో తేల్చలేం. చాలామంది ఆ ప్రశాంతతను తలచుకుంటూ అసలు ఎందుకు పడిపోయామో అడగడం మానేస్తారు. మళ్లీ పడిపోతే గానీ ఆస్పత్రికి రారు. ఈ ఆలస్యమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఈ ఒకటి రెండు రోజుల్లోనే కార్డియాలజిస్టును కలవండి. ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) తప్పనిసరి. అవి మామూలుగా ఉన్నా 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించి గుండె లయను రికార్డు చేసే చిన్న పరికరం) గానీ అంతకంటే ఎక్కువ రోజుల రికార్డింగ్ గానీ అవసరం కావచ్చు. అవి చేయొద్దని మీరే నిర్ణయించుకోకండి. మూర్ఛ అనుమానం వస్తే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) కూడా చేస్తారు. బీపీ మాత్ర ఎక్కువైనా కళ్లు తిరగొచ్చు, నిజమే. అయితే పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూశాక డోసు మార్చాల్సింది డాక్టరు, మీరు కాదు. సగం వేసుకుంటున్న సంగతి దాచకుండా చెప్పండి. అన్నయ్య వైద్య రికార్డులుంటే తీసుకెళ్లండి. రిపోర్టులు వచ్చేదాకా బండి నడపొద్దు, బరువులెత్తొద్దు. గుండె దడ, ఛాతీ నొప్పి వచ్చినా, మళ్లీ స్పృహ తప్పినా తెల్లారేదాకా ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.