చెల్లి పక్కనే ఉండమంటోంది, అమ్మ గిఫ్టుల దగ్గర కూర్చోమంటోంది

మీ ఉత్తరం చదివాను. వయసు 32, హైదరాబాద్‌లో ఉద్యోగం, విడాకులై రెండేళ్లు. మాఘమాసంలో తెనాలిలో చెల్లి పెళ్లి. "అక్కా నువ్వే నా తోడి పెళ్లికూతురివి, ఇంకెవరూ వద్దు" అని చెల్లి పట్టుబట్టింది, అమ్మేమో "మీ మేనత్త వాళ్ళు నలుగురిలో ఏదో ఒకటి అంటారే, పిన్ని కూతురు ఉందిగా, నువ్వు గిఫ్టులు రాసే దగ్గర కూర్చో" అన్నారు, నాన్నగారు ఏమీ మాట్లాడట్లేదు. ముహూర్తం టైముకి వచ్చి అక్షింతలు వేసి వెళ్ళిపోతే సరిపోతుందా అని మీరు అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు, చీరల షాపులో చెల్లి మొహం చూసి వాష్‌రూంలోకి వెళ్లి ఏడ్చానని, దాని మీద అసూయ పడుతున్నానేమో అని భయంగా ఉందని.

ముందు ఆ చివరి మాట గురించే చెప్తాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా తినేస్తోంది అదే అనిపించింది. మీ ఉత్తరం మొత్తంలో చెల్లి బాగుండకూడదు అన్న మాట నాకు ఎక్కడా కనపడలేదు. ఒకప్పుడు మీరు కూడా అమ్మ పక్కన కూర్చుని ఎన్నో ఆశలతో పట్టుచీర ఎంచుకున్నారు, ఆ పెళ్లి నిలబడలేదు, మళ్ళీ ఆ చీరలన్నీ ఒక్కసారిగా మీ ముందు పరిచేసరికి పాత బాధ పైకొచ్చింది. చెల్లి కోసం సంతోషపడటం, మీ గురించి మీరు బాధపడటం, రెండూ ఒకే పూట ఒకే మనిషికి జరుగుతాయి, దానికి మిమ్మల్ని మీరు చెడ్డదాన్ని అనుకోవద్దు. వీలైతే చెల్లికే ఈ మాట చెప్పండి, "నీ పెళ్లంటే నాకు ఇష్టమే, మధ్యలో ఏడుపొస్తే మాత్రం కంగారు పడకు" అని. మిమ్మల్నే పక్కన కావాలని అడిగిన పిల్ల, అర్థం చేసుకుంటుంది.

ఇక అమ్మ మాట. మన వైపు చాలా ఇళ్లలో తోడి పెళ్లికూతురిగా పెళ్లికాని పిల్లనే కూర్చోబెడతారు, అది నిజమే. కానీ ఒక్క విషయం ఆలోచించండి, మీ కాపురం చక్కగా ఉండి మీ ఆయన పక్కనే ఉండి ఉంటే అమ్మ మిమ్మల్ని గిఫ్టుల టేబుల్ దగ్గర కూర్చోమనేవారా? పసుపు దంచడం దగ్గర్నుంచి హారతి దాకా అన్నింట్లో పెద్దకూతురే ముందు ఉండేది. అంటే ఇక్కడ అడ్డొచ్చింది ఆచారం ఒక్కటే కాదు, మిమ్మల్ని జనం కళ్ళకి కనపడకుండా ఉంచాలన్న భయం. అమ్మకి మీ మీద ప్రేమ లేక కాదు, ఎవరైనా ఒక మాట అంటే మీరు నలుగురిలో కుమిలిపోతారని ఆవిడకి భయం. అయినా ఆ భయానికి ఖరీదు మీరు కట్టక్కర్లేదు, ఆ విషయంలో నేను మీ వైపే.

ఇంకోటి, తోడి పెళ్లికూతురు అనేది లోకాచారం, ఊరిని బట్టి ఇంటిని బట్టి మారిపోతుంది. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, సప్తపదికి ఉన్నట్టు దీనికి ప్రత్యేకంగా మంత్రమేమీ ఉండదు. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఇరువైపుల ఎవరో ఒకరి ఆచారం ప్రకారం పెళ్లి జరగాలి అంటుంది గానీ పెళ్లికూతురి పక్కన ఎవరు కూర్చోవాలో చెప్పదు. అసలు అక్కడ ఉండే పనేంటో మీకు తెలుసుగా, గౌరీపూజ దగ్గర పిల్ల ఒక్కతే కూర్చుంటే తోడుండాలి, పూలజడ బరువుకి మెడ లాగేస్తుంటే పట్టుకోవాలి, చెమట తుడవాలి, మధుపర్కాలు మార్చేటప్పుడు నగలు చూసుకోవాలి, అర్ధరాత్రి ముహూర్తమైతే నీరసంతో కళ్ళు తిరగకుండా చూసుకోవాలి. చెల్లికి కావాల్సింది ఈ మనిషి. ఆ పేరు పెట్టి పిన్ని కూతుర్ని కూడా పీట పక్కన కూర్చోబెట్టుకుంటామంటే కూర్చోబెట్టుకోనివ్వండి, ఆ చిన్నపిల్ల సరదా మనం ఎందుకు పాడుచెయ్యాలి, మీరు మాత్రం చెల్లి పక్క నుంచి కదలొద్దు.

అమ్మతో ఈ మాట మీరు మాట్లాడొద్దు, చెల్లిని మాట్లాడమనండి, పెళ్లి తనది కాబట్టి. "అమ్మా, అక్క నా పక్కన లేకపోతే నాకు ధైర్యం ఉండదు" అని తను అంటే అమ్మకి తీసెయ్యడం కష్టం. అబ్బాయికి కూడా చెల్లే ముందుగా చెప్పి ఉంచితే మంచిది, మండపంలో ఎవరూ కొత్తగా ఆశ్చర్యపోరు. నాన్నగారిని మీరు ఒక్కటే అడగండి, "నాన్నా, అత్తయ్య ఏమైనా అంటే నువ్వు సమాధానం చెప్తావా?" అని. తన అక్కచెల్లెళ్ళకి చెప్పుకోవాల్సింది ఆయనే. "మళ్ళీ సంబంధాలు చూడమంటావా" అని పట్టుకునేవాళ్ళు ఎలాగూ ఉంటారు, "ఇవాళ చెల్లి పెళ్లి అండీ, భోజనం చేశారా" అని పక్కకి వెళ్ళిపోండి.

అయితే ఇదంతా మీకు ఉండాలని ఉంటేనే. చెల్లి అడిగింది కదా అని, బంధువులకి చూపించాలని మాత్రం ఒప్పుకోవద్దు. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం, తెల్లారగట్ల అప్పగింతలు, ఈ రెండూ మీకు కష్టంగా ఉంటాయి అని నాకనిపిస్తోంది. మీ గురించి అంతా తెలిసిన ఫ్రెండ్ ఒకరిని పెళ్లికి పిలుచుకోండి, ఊపిరాడనట్టు అనిపిస్తే ఒక పది నిమిషాలు విడిది గదిలో కూర్చుని రండి, అప్పటిదాకా ఆ ఫ్రెండ్ చెల్లి దగ్గర ఉంటుంది. తట్టుకోలేను అని ఇప్పుడే గట్టిగా అనిపిస్తుంటే చెల్లికి ఆ మాటే చెప్పి గౌరీపూజ వరకే ఉంటానని అడగండి, అది కూడా మర్యాదైన సమాధానమే. మీరు రాసినట్టు అక్షింతలు వేసి వెళ్ళిపోవడం మాత్రం వద్దు, దాని గురించి మీరిద్దరూ చాలా ఏళ్లు బాధపడతారు.

నిద్ర పట్టకపోవడం, ఏడుపు రోజూ వస్తూ రెండు వారాలు దాటితే మాత్రం పెళ్లి అయ్యేదాకా ఆగకండి, కౌన్సెలర్‌ని కలవండి. వెంటనే కుదరకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత నంబర్, రాత్రి పూట కూడా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

లీవు మాత్రం ఇప్పుడే అప్లై చెయ్యండి, చెల్లిని పెళ్లికూతుర్ని చేసే రోజు నుంచి, పెళ్లయ్యాక ఇంకో రెండు రోజులు కూడా కలిపి. చెల్లి అత్తారింటికి వెళ్ళాక ఇంట్లో మీరు, అమ్మ, నాన్నే ఉంటారు, అమ్మతో మీ పెళ్లి గురించి మనసు విప్పి మాట్లాడటానికి అప్పుడు కుదురుతుంది.