తెల్ల ఎలుకకు తామర వస్తే... ముందు ఆ ట్యూబు పక్కన పెట్టండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను కాకినాడలో డిగ్రీ చదువుతున్నాను. ఏడాదిగా రెండు ఆడ ఎలుకలను పెంచుకుంటున్నాను, ఒకటి తెల్లది, ఇంకోటి నల్లమచ్చలది. వానలు మొదలయ్యాక తెల్లదాని మెడ వెనక రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడిపోయి పొట్టు రాలుతోంది. పెద్దగా గోక్కోవడం కూడా లేదు. మెడికల్ షాపులో అడిగితే మనుషుల తామరకు వాడే ట్యూబు ఇచ్చారు. నాలుగు రోజుల్లో తగ్గినట్టే తగ్గి, ఆపగానే రెట్టింపు అయింది. ఇప్పుడు నా మణికట్టు మీద కూడా గుండ్రంగా ఎర్రమచ్చ వచ్చింది. అమ్మేమో వాటిని ఎక్కడైనా వదిలేసి రమ్మంటోంది. ఏం చేయను?

జవాబు: వదిలేయకండమ్మా. పంజరంలో పుట్టి పెరిగిన ఎలుకకు పిల్లి నుంచి, కాకి నుంచి తప్పించుకోవడం తెలియదు, తిండి వెతుక్కోవడం తెలియదు. పైగా ఇది నయమయ్యే జబ్బు. అలాగని మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయలేను, ఎందుకంటే ఇది మనుషులకు అంటుతుంది, మీ మణికట్టే అందుకు సాక్ష్యం.

ముందు ఆ ట్యూబు తీసి వెనకవైపు చిన్న అక్షరాల్లో ఏం రాశారో చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేరు ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్ కలిపిన మందు. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ రెండు రోజుల్లో అణచేస్తుంది కాబట్టి తగ్గిపోయిందనుకుంటాం, కానీ తామరకు మూలమైన ఫంగస్‌తో చర్మం తనంతట తాను పోరాడే శక్తిని కూడా అదే అణచేస్తుంది, దాంతో లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది, ట్యూబు ఆపిన రోజున ఇంకా పెద్ద మచ్చగా బయటపడుతుంది. మన దేశంలో మనుషుల తామర ఇంత మొండిగా తయారవడానికి ఇలాంటి కలగలుపు ట్యూబులు ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

ఎలుక విషయంలో ఇంకో చిక్కు ఉంది. మెడ మీద క్రీము రాసి కిందికి దించగానే అది ముందుకాళ్లు రెండూ తలమీదుగా తీసుకెళ్లి, చెవుల వెనక నుంచి ముక్కు దాకా తుడుచుకుని, ఆ కాళ్లను వేలు వేలునా నాకేస్తుంది. అర నిమిషం కూడా పట్టదు. అందని చోటును పక్కనున్న తోడు ఎలుక నాకి శుభ్రం చేస్తుంది. అంటే మీరు రాసిన స్టెరాయిడ్‌లో చాలా భాగం 300 గ్రాముల ప్రాణి కడుపులోకి పోతోంది. పెంపుడు ఎలుకల్లో చాలావాటి శ్వాసనాళాల్లో మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి చప్పుడు చేయకుండా ఉంటుంది. ఒంట్లో నిరోధక శక్తి తగ్గితే అది లేచి ఆయాసం, తుమ్ములు పట్టుకుంటాయి. అందుకే ఆ ట్యూబు ఇవాళే ఆపేయండి, డాక్టర్‌కు చూపించేటప్పుడు ఎన్ని రోజులు రాశారో దాచకుండా చెప్పండి.

ఇక ఇది తామరేనా? మీకూ మచ్చ వచ్చింది కాబట్టి ఎక్కువ అనుమానం దాని మీదే. కానీ వెంట్రుకలు ఊడిన ప్రతిదీ తామర కాదు. గజ్జి పురుగులైతే విపరీతమైన దురద, భుజాల మీద, మెడ మీద గోళ్లతో గీరుకున్న పక్కులు ఉంటాయి. ఒక రకమైతే చెవి అంచులు, ముక్కు గరుగ్గా మొటిమలు కట్టేస్తాయి. పేలైతే వెంట్రుకలకు ఈపి అతుక్కుని కనిపిస్తుంది. తోటి ఎలుక కొరికేసిన చోట వెంట్రుకలు కత్తిరించినట్టు ఉండి, కింద చర్మం నున్నగా ఉంటుంది, పొట్టు ఉండదు. తామరలో వెంట్రుకలు మొదళ్ల దగ్గరే విరిగి మొలకల్లా మిగులుతాయి, పొలుసు రాలుతుంది, దురద కొంచెమే ఉండొచ్చు. మీరు చెప్పింది దీనికే దగ్గరగా ఉంది. అయినా కంటితో చూసి తేల్చేయడం నాకు ఇష్టం లేదు. మచ్చ అంచు నుంచి పొట్టు, విరిగిన వెంట్రుకలు తీసి పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోపులో చూడాలి, కల్చర్ కూడా పెట్టాలి, అంటే ల్యాబ్‌లో వాటి నుంచి ఫంగస్ పెరుగుతుందేమో చూడాలి. కల్చర్ ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఊదా రంగు లైటు వేసి, మెరవలేదు కాబట్టి ఫంగస్ లేదు అని ఎవరైనా అంటే నమ్మకండి. ఎలుకల్లో ఎక్కువగా కనిపించే ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైట్స్ అనే ఫంగస్ ఆ లైటులో మెరవదు.

ఎలుకలను చూడమంటే కొన్ని క్లినిక్‌ల వాళ్లు వెనకాడతారు, తెలుసు. అలాంటప్పుడు గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ లాంటి చోట్ల ఉన్న పశువైద్య కళాశాలల్లో కనుక్కోండి. ముందుగా ఫోన్ చేసి, ఎలుకను చూస్తారా, ఫంగల్ కల్చర్ చేస్తారా అని అడిగి వెళ్తే ప్రయాణం వృథా కాదు.

ఒక్క చిన్న మచ్చే అయితే స్టెరాయిడ్ కలవని, ఉత్త మైకోనజోల్ గానీ క్లోట్రిమజోల్ గానీ డాక్టర్ చెప్పినట్టు పలచగా రాస్తే సరిపోవచ్చు. రాశాక వెంటనే వదలకండి. చెంచా వెనక అరటిపండు గుజ్జు పూసి ముందు పెట్టండి, అది నాక్కుంటూ కూర్చునే పది నిమిషాల్లో మందు చర్మానికి పడుతుంది. మచ్చలు ఎక్కువైతే నోటి మందు తప్పదు, ఇట్రాకొనజోల్ లేదా టెర్బినఫిన్ ఇస్తారు. దాన్ని మాత్రం సొంతంగా ఇవ్వొద్దు. 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ పెద్ద మనిషి కోసం చేసింది, మీ ఎలుకను గ్రాముల్లో తూచి, దానికి తగ్గ చుక్కల మందు తయారు చేయించాలి. గ్రిసియోఫల్విన్ అనే పాత మందు కడుపుతో ఉన్న ఎలుకకు పనికిరాదు, పిల్లలు అవిటిగా పుట్టే ప్రమాదం ఉంది. మచ్చ లేకపోయినా రెండో ఎలుకను కూడా పరీక్ష చేయించండి. పైకి ఏమీ కనిపించకుండా ఫంగస్‌ను మోసే ఎలుకలు చాలానే ఉంటాయి. వెంట్రుకలు మొలిచాయి కదా అని మధ్యలో ఆపేయకండి, కల్చర్‌లో ఏమీ పెరగడం లేదని తేలేదాకా, అంటే వారాల తరబడి వాడాలి.

కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమని ఎవరో ఒకరు చెప్తారు. రాయకండి, కర్పూరం నాకితే ఇంత చిన్న ప్రాణికి విషం. టీ ట్రీ ఆయిల్ కూడా అంతే. పంజరం ఫినాయిల్‌తో కడగడం కూడా వద్దు.

మందు ఎంత ముఖ్యమో పంజరం అంత ముఖ్యం. రాలిన వెంట్రుకల్లో ఫంగస్ బీజాలు ఏడాదికి పైగా బతికి ఉండగలవు. అట్టపెట్టెలు, చెక్క సామాన్లు బీజాలను పీల్చుకుంటాయి కాబట్టి పారేయండి. ఎలుకలను వేరే గదిలో పెట్టి, ముందు సబ్బుతో మురికంతా పోయేలా తోమి, తర్వాత లిక్విడ్ బ్లీచ్ ఒక వంతు, నీళ్లు పది వంతులు కలిపి పది నిమిషాలు నాననిచ్చి, వాసన పూర్తిగా పోయేదాకా కడిగి, ఎండబెట్టాలి. బ్లీచ్‌లో ఇంకేదీ కలపకూడదు. కాకినాడ వానాకాలంలో అసలు కష్టం ఆరబెట్టడమే, అందుకే గుడ్డ ఊయలలు మూడు నాలుగు జతలు పెట్టుకుని పూర్తిగా ఆరినవే వాడండి. ఉచ్చపోసే మూలను రోజూ మార్చండి. దేవదారు, పైన్ పొట్టు వద్దు, కాగితం ముక్కలు మేలు.

మీరు చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లి, ఇంట్లో ఎలుకలున్నాయని మొదటి మాటగా చెప్పండి. నయమయ్యేదాకా గ్లౌజులు వేసుకుని, పొడుగు చేతుల చొక్కాతోనే పట్టుకోండి. చిన్నపిల్లలను, షుగరున్న పెద్దవాళ్లను ఆ గదికి దూరంగా ఉంచండి.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల పాప కోసం హైదరాబాద్‌లో రెండు తెల్ల ఎలుకలు కొందామనుకుంటున్నాం. చర్మ వ్యాధులు లేనివి ఎలా ఎంచుకోవాలి?

జవాబు: కొనేముందు షాపులో ఒక్క ఎలుకనే చూడకండి, ఆ డబ్బాలో ఉన్న అన్నింటినీ చూడండి. ఒక్కదానికి బట్టతల మచ్చ ఉన్నా ఆ డబ్బాలోంచి తీసుకోవద్దు. చెవుల వెనక, తోక మొదట్లో వెంట్రుకలు ఊదుతూ విడదీసి పొట్టు ఉందేమో చూడండి. ముక్కు చుట్టూ ఎర్రగా కనిపిస్తే రక్తమని కంగారు పడతారు, అది కంటి దగ్గరి గ్రంథి నుంచి వచ్చే ద్రవం, కానీ ఎక్కువగా ఉంటే ఒంట్లో బాగోలేదనే లెక్క. రెండూ ఆడవో రెండూ మగవో తీసుకోండి. ఇంట్లో పిల్లి ఉంటే దానికీ పరీక్ష చేయించండి, పిల్లి నుంచి మైక్రోస్పోరమ్ అనే ఫంగస్ తెచ్చే తామర ఎలుకకూ పాపకూ ఇద్దరికీ రావచ్చు. మొదటి మూడు వారాలు పాప చూసి ముచ్చటపడాలే తప్ప ఒళ్లో పడుకోబెట్టుకోకూడదు. ఆ గడువు దాటాక కూడా ఆడుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి.

ప్రశ్న: విశాఖ నుంచి రాస్తున్నాను. మా మగ ఎలుక వీపు మీద నారింజ రంగు పొట్టు జిడ్డుగా పేరుకుంది. వెంట్రుకలు ఊడలేదు. ఫంగసేనా?

జవాబు: కాదనే అనిపిస్తోంది. ఎదిగిన మగ ఎలుకల్లో హార్మోన్ల వల్ల ఊరే జిడ్డు అది, చాలావాటికి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి తువ్వాలుతో ఆరబెట్టండి. పదే పదే స్నానం చేయించకండి. వెంట్రుకలు పలచబడ్డా, గోక్కుంటున్నా అప్పుడు పరీక్ష చేయిద్దాం.