లా చదివి రాజకీయాల్లోకి వెళ్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇటలీ న్యాయవాది, రాజకీయ నాయకుడు పియెరో కలమాండ్రెయి గురించి చదివినప్పటి నుంచి లా చేసి రాజకీయాల్లోకి వెళ్తానని పట్టుబడుతోంది. మేం ఇంజనీరింగ్ అనుకున్నాం. ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: నచ్చజెప్పకండి. ఆమె చాలా మంచి మనిషిని ఎంచుకుంది. కాకపోతే ఆయన జీవితాన్ని మొదటి నుంచి చదవమనండి.

కలమాండ్రెయి 1889లో ఫ్లోరెన్స్‌లో పుట్టారు. ఆయనకు పేరు తెచ్చింది లా విద్యార్థులు విసుక్కునే సివిల్ ప్రొసీజర్. దావా ఎలా వేయాలి, అప్పీలు ఎక్కడ వినాలి వంటి విషయాలపై ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు, పుస్తకాలు రాశారు. అప్పట్లో ఇటలీని ఏలిన ముస్సోలినీ ఫాసిస్టు పార్టీలో చేరలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యేనాటికి ఆయనకు 57 ఏళ్లు! ఆ తర్వాత 1953 వరకు పార్లమెంటు సభ్యుడు.

మీ అమ్మాయికి తప్పక చెప్పాల్సిన కేసు ఒకటుంది. 1956 ఫిబ్రవరిలో సిసిలీలోని పార్టినికోలో పని దొరకని కూలీలు పాడుబడిన బాటను తమంతట తామే, కూలి తీసుకోకుండా బాగుచేయడం మొదలుపెట్టారు. అదే వారి నిరసన. వారిని కూడగట్టిన సామాజిక కార్యకర్త డానీలో డోల్చిని పోలీసులు అరెస్టు చేశారు. పలెర్మో కోర్టులో ఆయన తరఫున నిలబడ్డవారిలో కలమాండ్రెయి ఒకరు. ఇటలీ రాజ్యాంగం 4వ అధికరణం పనిని పౌరుడి హక్కుగా, బాధ్యతగా కూడా చెబుతుంది. తాను రూపకల్పనలో పాల్గొన్న ఆ రాజ్యాంగాన్నే చూపించి, పనిచేసినవారు నేరస్థులెలా అవుతారని వాదించారు. డోల్చికి శిక్ష తప్పలేదు. అదే ఏడాది సెప్టెంబరులో కలమాండ్రెయి కన్నుమూశారు. నా దృష్టిలో ఆయన రాజకీయ జీవితంలో అత్యంత విలువైన రోజు పార్లమెంటులో గడిపింది కాదు, ఆ కోర్టులో గడిపింది.

కాబట్టి ముందు వృత్తిలో పట్టు సాధించమనండి. ఇంటర్ ఏ గ్రూపైనా ఐదేళ్ల లా కోర్సులో చేరవచ్చు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి క్లాట్, మన రాష్ట్రాల కళాశాలలకు లాసెట్ రాయాలి. పట్టా వచ్చాక జిల్లా కోర్టులో చేయి తిరిగిన సివిల్ న్యాయవాది దగ్గర జూనియర్‌గా చేరితే మంచిది. రాజకీయాల సంగతి అప్పుడు ఆమే తేల్చుకుంటుంది. జూనియర్లకు తొలి ఏళ్లలో చేతికొచ్చేది చాలా తక్కువ. ఇంజనీరింగ్ ఫీజుల కోసం మీరు దాచినది ఏమైనా ఉంటే, ఆ ఏళ్ల కోసం పక్కన పెట్టండి.