విడివిడి మరణాలను ఒకచోట చేర్చి చూసినదెవరు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: వరుస హత్యలు చేసేవారు ఏళ్ల తరబడి దొరక్కుండా ఎలా ఉండగలుగుతారు? అన్ని ప్రాణాలు పోతున్నా చుట్టుపక్కలవారికి అనుమానమే రాదా? చివరికి ఆ నేరాలు ఎలా బయటపడతాయి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అనుమానం వస్తుంది. చాలా కేసుల్లో పోలీసులకంటే ఎంతో ముందే ఎవరో ఒకరికి వస్తుంది. అయితే అనుమానం వచ్చిన మనిషి మాటకు విలువ ఉండదు, విలువ ఉన్న మనిషి దగ్గరికి ఆ మాట చేరదు. ఇందుకు ఇంగ్లండులోని హెరాల్డ్ షిప్‌మన్ ఉదంతాన్ని మించిన ఉదాహరణ లేదు కనుక దాన్ని కొంత వివరంగా చెబుతాను.

షిప్‌మన్ మాంచెస్టర్ సమీపంలోని హైడ్ అనే చిన్న పట్టణంలో కుటుంబ వైద్యుడు. పిలిస్తే ఇంటికి వచ్చి చూసే మంచి డాక్టరని ఊరంతా చెప్పుకునేది. అతని దగ్గర పేరు నమోదు చేయించుకోవడానికి వృద్ధులు వరుస కట్టేవారు. అతను ఆ వృద్ధులకే, ముఖ్యంగా ఒంటరిగా బతికే స్త్రీలకు, వైద్యం పేరిట డయామార్ఫిన్ అనే బలమైన నొప్పి మందును ఇంజెక్షన్‌గా ఇచ్చి ప్రాణం తీసేవాడు. తరువాత మరణ ధ్రువపత్రం మీద గుండెపోటనో, వృద్ధాప్యమనో తానే రాసేవాడు. హంతకుడూ, మరణ కారణాన్ని నిర్ణయించే అధికారీ ఒకే మనిషి అయినప్పుడు ఆ మరణం నేరంగా నమోదయ్యే అవకాశం ఎక్కడుంటుంది? చాలా కుటుంబాలు అతనికి కృతజ్ఞతలు చెప్పుకుని, అంత్యక్రియలు జరిపించి, ఇంటికి వెళ్లిపోయాయి.

అయినా కొందరు గమనించారు. శవాలను తీసుకెళ్లే అంత్యక్రియల సంస్థవారికి ఒక విషయం వింతగా తోచింది. అతని రోగులు మంచం పట్టి కాకుండా, ఒంటిమీద మామూలు బట్టలతో, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే చనిపోయి ఉంటున్నారు; జబ్బు పడ్డ ఇంట్లో కనిపించే మందుసీసాలూ పక్కబట్టలూ ఆ ఇళ్లలో కనిపించడం లేదు. ఊళ్లో ఒక టాక్సీ డ్రైవరు, తన బండిలో తరచూ తిరిగే ముసలమ్మలు ఒకరి తరువాత ఒకరు పోవడం చూసి, వాళ్ల పేర్లు రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ పేర్లన్నీ ఒకే డాక్టరు రోగులవి. పోలీసు శాఖలో ఎవరి దగ్గరా లేని జాబితా అది. తన మాట ఎవరు నమ్ముతారన్న భయంతో అతను చాలా కాలం దాన్ని బయటపెట్టలేదు.

దహనానికి ముందు రెండో వైద్యుడి సంతకం కావాలన్న నియమం అక్కడ ఉండేది. ఆ సంతకాలు పెట్టే పక్క క్లినిక్‌లోని ఒక డాక్టరు, తమకంటే ఎంతో తక్కువమంది రోగులున్న షిప్‌మన్ దగ్గర మరణాలు అంత ఎక్కువగా ఎందుకున్నాయని 1998 మార్చిలో కరోనరుకు, అంటే అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే అధికారికి, ఫిర్యాదు చేశారు. కరోనరు పోలీసులకు చెప్పారు. విచారణ జరిగింది, కొన్ని వారాల్లోనే ఏమీ లేదని ముగిసింది కూడా. ఆ దర్యాప్తు అధికారులు షిప్‌మన్‌కు పాత నేర చరిత్ర ఏదైనా ఉందేమో చూడనేలేదు. చూసి ఉంటే, 1976లో పెథిడిన్ అనే మత్తు కలిగించే నొప్పి మందు కోసం దొంగ చీటీలు రాసి అతను శిక్ష పడిన మనిషేనని తెలిసేది. ఆ విచారణ ముగిసిన తరువాత, అరెస్టుకు ముందు, మరో ముగ్గురు స్త్రీలు చనిపోయారు. ఈ ఉదంతం మొత్తంలో నన్ను ఎక్కువగా బాధించేది ఈ ముగ్గురి సంగతే.

ఆ ముగ్గురిలో ఆఖరి ఆవిడ 81 ఏళ్ల వృద్ధురాలు, హైడ్ మాజీ మేయరు, 1998 జూన్ 24న చనిపోయారు. ఆస్తంతా డాక్టరుకే చెందాలంటూ ఆవిడ పేరిట ఒక వీలునామా బయటికి వచ్చింది. దాన్ని టైపు చేసిన తీరే అధ్వానంగా ఉంది. ఆవిడ కూతురు స్వయానా న్యాయవాది. తల్లి అసలు వీలునామా ఆమె కార్యాలయంలోనే ఉంది. కాగితం చేతికి అందగానే ఇది అమ్మ రాయించినది కాదని ఆమె గ్రహించి పోలీసులను ఆశ్రయించారు. పూడ్చిన శవాన్ని వెలికితీసి పరీక్షిస్తే మార్ఫిన్ దొరికింది; డయామార్ఫిన్ ఒంట్లోకి వెళ్లాక మార్ఫిన్‌గానే మారుతుంది. వీలునామా టైపు చేసిన యంత్రం షిప్‌మన్ దగ్గరే ఉంది, కాగితం మీద అతని వేలిముద్ర పడింది. రోగులకు ముందునుంచే గుండెజబ్బు ఉన్నట్టు కంప్యూటరులో పాత తేదీలతో అతను రాసిన వివరాలు, నిజానికి ఏ రోజు, ఏ గంటకు ఎక్కించాడో ఆ యంత్రమే నమోదు చేసి ఉంచింది. కొన్ని నమోదులు రోగి చనిపోయిన తరువాత చేసినవి.

2000 జనవరి 31న 15 హత్యలకు అతనికి శిక్ష పడింది. ఆ తరువాత న్యాయమూర్తి డేమ్ జానెట్ స్మిత్ నేతృత్వంలోని విచారణ సంఘం పాత మరణాలన్నీ ఒక్కొక్కటిగా తిరగదోడి, 215 మందిని అతను చంపినట్టు నిర్ధారించింది. మరెన్నో మరణాలపై అనుమానం వ్యక్తం చేసింది. షిప్‌మన్ నోరు విప్పకుండానే 2004 జనవరిలో జైలులో ఉరివేసుకున్నాడు.

మీ ప్రశ్నకు నా సమాధానం ఇందులోనే ఉంది. మరణాలు దాగి ఉండవు, అన్నీ ఎక్కడో ఒకచోట నమోదయ్యే ఉంటాయి. సహజ మరణమనో, ఆత్మహత్య అనో, కనిపించకుండా పోయారనో విడివిడిగా రాసి ఉన్నవాటిని ఎవరైనా ఒకచోట చేర్చి చూసిన రోజున నేరం కనిపిస్తుంది.

ప్రశ్న: మన దేశంలో ఇలా జరిగిన కేసు ఏదైనా ఉందా? ఇలాంటి హంతకులు అసాధారణమైన తెలివిగలవారని అంటారు, అది నిజమేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మొదట రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. వాళ్ల తెలివిని గురించి మనం అనవసరంగా పెద్ద మాటలు చెప్పుకుంటున్నాం. షిప్‌మన్ రాసిన దొంగ వీలునామా చూస్తే చాలు. వాళ్లకు అక్కరకు వచ్చేది తెలివి కాదు, ఎవరు పోతే ఎవరూ వెతకరో పసిగట్టడం.

కర్ణాటకలో ‘సయనైడ్ మోహన్’గా పేరుపడ్డ మోహన్ కుమార్ దక్షిణ కన్నడ జిల్లాలో ప్రాథమిక పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు. కట్నం ఇచ్చుకోలేక పెళ్లి కాకుండా ఉండిపోయిన పేదింటి అమ్మాయిలను వెతికి పట్టుకునేవాడు. మారుపేరుతో, మీ కులంవాణ్నేనని నమ్మించి, కట్నం లేకుండా పెళ్లి చేసుకుంటానని మైసూరుకో మరో ఊరికో తీసుకెళ్లేవాడు. ఒక రాత్రి లాడ్జిలో గడిపాక, మరునాడు నగలు గదిలోనే పెట్టి రమ్మని, బస్టాండులో గర్భం రాకుండా ఇది వేసుకోమని ఒక మాత్ర ఇచ్చేవాడు. వాంతి అవుతుందేమో, మరుగుదొడ్లోకి వెళ్లి వేసుకోమనేవాడు. అది సయనైడ్. లోపలినుంచి గడియ పెట్టి ఉన్న గదిలో, ముస్తాబై ఉన్న ఒక యువతి శవం దొరుకుతుంది. ఒంటిమీద నగలుండవు, చిరునామా ఉండదు. ఆత్మహత్య అని రాసి, గుర్తు తెలియని శవంగా అంత్యక్రియలు ముగిస్తారు. అతను లాడ్జికి తిరిగి వెళ్లి నగలు తీసుకుని తాకట్టు పెట్టుకునేవాడు.

2003 నుంచి 2009 వరకు ఇలా 20 మంది చనిపోయారు. శవాలు దొరికిన ఊళ్లు వేరు, అమ్మాయిలు కనిపించకుండా పోయిన ఊళ్లు వేరు. అక్కడి స్టేషనులో ఆత్మహత్య, ఇక్కడి స్టేషనులో మిస్సింగ్. రెండు కాగితాలూ ఎప్పుడూ ఒక బల్ల మీదికి రాలేదు. చాలా ఇళ్లలో మా అమ్మాయి ఎవరితోనో వెళ్లిపోయిందనుకుని, పరువు కోసం నోరు మూసుకున్నారు. ఆ మౌనమే అతనికి ఆరేళ్లు కాపలా కాసింది.

2009 జూన్‌లో బంట్వాళ తాలూకాలో ఒక యువతి కనిపించకుండా పోయింది. ఈసారి ఆమె సామాజిక వర్గం ఊరుకోలేదు. వేరే మతంవాడెవరో తీసుకుపోయాడన్న పుకారుతో ఆందోళన రేగింది. ఆ పుకారు పూర్తిగా అబద్ధం. అయితే ఆ ఒత్తిడికి పోలీసులు ఆమె ఫోన్ కాల్ వివరాలు తెప్పించారు. ఆమె మాట్లాడిన నంబరు ఎవరిదని చూస్తే, అంతకుముందే కనిపించకుండా పోయిన మరో యువతిది. ఆ నంబరును పట్టుకుని వెళ్తే ఇంకొకామె. అలా ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు నడుచుకుంటూ వెళ్లి 2009 అక్టోబరులో మోహన్‌ను పట్టుకున్నారు. 2013లో కోర్టు తొలి తీర్పుల్లో మరణశిక్ష విధించింది. ఒక కేసులో హైకోర్టు తరువాత దాన్ని జీవితఖైదుగా మార్చింది. ఇరవయ్యో కేసులో తీర్పు వచ్చేసరికి 2020 అయింది.

ప్రశ్న: వరంగల్ దగ్గర గొర్రెకుంట బావిలో తొమ్మిదిమంది శవాలు దొరికిన కేసును వరుస హత్యలు అనవచ్చా? అందరినీ ఒకే రాత్రి చంపాడు కదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఒకే రాత్రి, ఒకే చోట జరిగినవి సామూహిక హత్యలే. మధ్యలో విరామంతో, వేరువేరు ఘటనలుగా జరిగినవాటిని వరుస హత్యలంటారు. గొర్రెకుంట కేసులో ఆ రాత్రికి ముందే ఇంకొక హత్య ఉంది, ఈ తొమ్మిది హత్యలూ దాన్ని కప్పిపుచ్చడానికి చేసినవే.

బీహార్‌నుంచి వచ్చిన సంజయ్ కుమార్ యాదవ్ ఒక మహిళను పెళ్లి మాటలు మాట్లాడదామని చెప్పి 2020 మార్చిలో రైలెక్కించి, మజ్జిగలో నిద్రమాత్రలు కలిపి ఇచ్చి, గొంతు నులిమి, నిడదవోలు సమీపంలో కిందికి తోసేశాడు. అక్కడ దొరికింది ఎవరో తెలియని స్త్రీ శవం. ఇక్కడ ఆమె బంధువులు, గోనె సంచులు కుట్టే పనిలో ఉన్న బెంగాల్ కుటుంబం, ఆమె ఏదని అతన్ని నిలదీస్తున్నారు. పోలీసులకు చెబుతామన్నారు. మే 20 రాత్రి వాళ్ల భోజనంలో నిద్రమాత్రలు కలిపాడు. ఆ ఆవరణలోనే ఉంటున్న మిగతా కూలీలనూ వదల్లేదు. స్పృహ తప్పినవారిని ఒక్కొక్కరినీ ఈడ్చుకెళ్లి బావిలో పడేశాడు. అందులో మూడేళ్ల పసివాడు కూడా ఉన్నాడు.

శవాలు బయటపడినప్పుడు లాక్‌డౌన్‌లో పనులు లేక ఆత్మహత్య చేసుకున్నారేమోనన్న మాట అంతటా వినిపించింది. వలస కూలీలు కదా, అలాగే అయి ఉంటుందని చాలామంది నమ్మేశారు కూడా. కుటుంబంతో సంబంధం లేని కూలీలు అదే బావిలో ఎందుకు దూకుతారన్న ప్రశ్నా, పోస్టుమార్టంలో కనిపించిన ఈడ్చిన గాయాలూ, తెల్లవారుజామున సైకిల్‌మీద వెళ్తున్న మనిషి సీసీ కెమెరాకు చిక్కడమూ కలిసి కొద్ది రోజుల్లోనే హంతకుణ్ని పట్టించాయి. 2020 అక్టోబరు 28న వరంగల్ కోర్టు మరణశిక్ష విధించింది. రైలు హత్య అతను పట్టుబడేవరకు రెండు రాష్ట్రాల మధ్య ఎవరికీ పట్టని కాగితంగానే ఉండిపోయింది.

ప్రశ్న: హాజీపూర్ ఘటన తరువాత ఆడపిల్లలను బడికి పంపాలంటేనే మా ఊళ్లో భయపడ్డారు. పిల్ల కనిపించకపోతే తల్లిదండ్రులు మొదట ఏం చేయాలి? స్టేషనులో ‘వచ్చేస్తుందిలే, రేపు చూద్దాం’ అంటే?
– ఒక తల్లి, భువనగిరి

జవాబు: మీ భయం అర్థమవుతుంది. యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో 2019 ఏప్రిల్‌లో ప్రత్యేక తరగతికి వెళ్లిన బాలిక తిరిగి రాకపోవడంతో ఊరివాళ్లు వెతికారు. ఒక పాడుబడ్డ వ్యవసాయ బావిలో ఆమె దొరికింది. అదే దర్యాప్తులో, అంతకుముందు కనిపించకుండా పోయిన మరో ఇద్దరి అవశేషాలు బావుల్లోనే బయటపడ్డాయి. వారిలో ఒక చిన్నారి 2015లో తప్పిపోయింది. నాలుగేళ్లు ఆ పాప తప్పిపోయిన పిల్లగానే లెక్కలో ఉంది. ఊరికి బస్సు సరిగా లేక పిల్లలు ఎవరో ఒకరి బండి ఎక్కి రావలసి రావడమే శ్రీనివాస్ రెడ్డి అనే ఆ హంతకుడికి దారి చూపింది. 2020 ఫిబ్రవరి 6న నల్గొండ కోర్టు అతనికి మరణశిక్ష విధించింది.

ఇక మీరు చేయవలసినది. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నియమం ఏదీ లేదు. తప్పిపోయిన పిల్లల విషయంలో ప్రతి ఫిర్యాదునూ ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేయాలని, అపహరణ జరిగినట్టే భావించి దర్యాప్తు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. అది మా పరిధి కాదు అనడానికీ వీల్లేదు; 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే నేర విచారణ చట్టంలోని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. పిల్ల ఫోటో, ఆ రోజు వేసుకున్న బట్టలు, పుట్టుమచ్చలు, ఎక్కిన బండి, చివరిసారి ఎవరు ఎక్కడ చూశారన్నది ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. పిల్ల ఫోన్ వాడుతుంటే నంబరు తప్పకుండా రాయండి, బంట్వాళ కేసును విప్పింది అదే. పరువు పోతుందని ‘చుట్టాలింటికి వెళ్లింది’ అని మాత్రం చెప్పకండి. పెద్ద పిల్ల ఎవరితోనో వెళ్లి ఉంటుందని మీకే అనిపించినా సరే, ఫిర్యాదు చేయండి. తిరిగి వస్తే కేసు మూసేస్తారు, అంతకుమించి నష్టం లేదు.

ఎఫ్‌ఐఆర్ నకలు అక్కడికక్కడే ఉచితంగా అడిగి తీసుకోండి, అది మీ హక్కు. స్టేషనులో తీసుకోకపోతే ఆ ఫిర్యాదునే పోస్టులో జిల్లా ఎస్పీకి గానీ, కమిషనరేట్ పరిధిలో ఉంటే కమిషనరుకు గానీ పంపండి, అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చేయవచ్చు. మీ చుట్టుపక్కల గ్రామాల్లో ఇదివరకు తప్పిపోయినవారు ఎవరైనా ఉంటే, వాళ్ల పేర్లూ, తప్పిపోయిన తేదీలూ అదే ఫిర్యాదులో రాయండి. ఆ పేర్లను ఒకచోట చేర్చి చూడమని అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.