అయోధ్య స్థలం కేసు తేలడానికి 70 ఏళ్లు ఎందుకు పట్టింది?

వాయిదాలొక్కటే కారణం కాదు. 1949 డిసెంబరులో బాబ్రీ మసీదు కట్టడం లోపల విగ్రహాలు పెట్టాక, 1950లో మొదటి దావా పడింది. 1959లో నిర్మోహీ అఖాడా అనే సాధువుల సంస్థ, 1961లో సున్నీ వక్ఫ్ బోర్డు, 1989లో రామ్‌లల్లా (బాలరాముడు) తరఫున వేరే దావాలు వచ్చాయి. అవి ఫైజాబాద్ కోర్టు నుంచి అలహాబాద్ హైకోర్టుకు చేరిందే 1989లో. అప్పటికే 39 ఏళ్లు కరిగిపోయాయి.

2010లో హైకోర్టు 2.77 ఎకరాలను మూడు వాటాలు చేసింది. పంచమని ఏ పక్షమూ అడగలేదు కదా అంటూ సుప్రీంకోర్టు 2011లో స్టే ఇచ్చింది.

ఇక అసలు బాధ ఇక్కడే ఉంది. సంస్కృతం, పర్షియన్, ఉర్దూ, హిందీల్లో ఉన్న వేల పేజీల సాక్ష్యాలకు ఇంగ్లీషు అనువాదమే లేదు. ఆ పనికి 2017 ఆగస్టులో గానీ కోర్టు గడువు పెట్టలేదు! 2019లో మధ్యవర్తిత్వం ఫలించకపోయాక ఐదుగురు న్యాయమూర్తులు 40 రోజులు విని, నవంబరు 9న ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. వినడానికి పట్టింది వారాలే, వినేందుకు సిద్ధం చేయడానికే దశాబ్దాలు పోయాయి.

మీ సొంత స్థలం దావాలోనైనా పాత దస్తావేజులు ఉర్దూలో ఉంటే, సర్టిఫైడ్ నకళ్లు, అనువాదాలు మొదట్లోనే దాఖలు చేయించండి. రిటన్ స్టేట్‌మెంట్‌కు, అంటే దావాకు ప్రతివాది రాసిచ్చే జవాబుకు, చట్టం ఇచ్చే గడువు 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90. అది దాటుతుంటే మీ వకీలు చేత అభ్యంతరం రికార్డు చేయించండి.